పోటు ఎంతదాకా

ఆదివారం పొద్దున్నే జుల్మీరా
రొట్టెల పొయ్యి ఆర్పేసి
మా గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది.
తలుపు తట్టదు. దగ్గుతుంది.
ఆ దగ్గుకి నా బూట్లు
వాటంతటవే కాళ్ళకెక్కుతాయి.

మా ఇద్దరికీ ఒక తగువుంది.
పదకొండేళ్ళ నాటిది.
సముద్రం మా ఊరు దాటి
ఎంతదాకా వస్తుందన్నది.

నిజానికి సముద్రం ఎక్కడో ఉంది,
ఒక పగలంతా పడవలో పోతే గానీ కనపడదు.
అయినా రోజుకి రెండుసార్లు
గ్వాదియానా వెనక్కి తిరుగుతుంది,
తాళంచెవి మరిచిపోయి
సగం దారిలోంచి ఇంటికొచ్చే మనిషిలా.
మెర్తోలా రేవులో
పొద్దున మూడో మెట్టు తడి,
మధ్యాహ్నానికి ఐదో మెట్టు.
ఉప్పు మాత్రం రాదు.
సముద్రం తోపుడు వస్తుంది గానీ సముద్రం రాదు.

పాడుబడ్డ పిండిమరదాకా వస్తుందని ఆమె.
మర దాకా ఎక్కడిది, నల్లబండ దగ్గరే సరి, అని నేను.
పందెం ఒక రొట్టె.
నేను గెలిస్తే ఊరికే ఇవ్వాలి,
ఓడితే రెట్టింపు డబ్బిచ్చి కొనాలి.
ఎటుపోయినా కాల్చేది ఆమే కదా అంటే
"అదే నా బాధ" అంటుంది.

కోటగోడ నీడలోంచి దిగుతాం.
మంగలి కొట్టు గోడమీద పాత వరదగీత
నా తలకి రెండు జానలు పైన.
దాన్ని అందుకోవాలని ప్రతివారం
జుల్మీరా మునివేళ్ళమీద లేస్తుంది.
ప్రతివారం అందదు.
కరెంటు స్తంభాలమీద కొంగలు
మెడలు వెనక్కి విరిచి ముక్కులు తాటిస్తుంటే
ఆకాశంలో ఎవరో చెక్కభజన మొదలెట్టినట్టుంటుంది.

ఊరు దాటాక దారి సన్నం.
ఎస్తేవా పొదలు రెండువైపులా పూసి ఉన్నాయి,
నలిగిన కాగితంలాంటి తెల్ల రేకులు,
ఒక్కో రేకు మొదట్లో ఎండిన నెత్తురు చుక్క.
ఆకులు జిగురు.
పాత మందుసీసా మూత తీసిన వాసన.
మా గౌన్ల అంచులకి దుమ్మూ, గడ్డిగింజా,
ఒక చీమా, ఏది దొరికితే అది అంటుకుంటోంది.
వాగు దిగేచోట గన్నేర్లు.
గన్నేర్ల నీడలో మేకలు.
మేకల మధ్య టిబూర్సియో,
టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని,
"ఇంకా తేలలేదా మీది?" అన్నాడు, టోపీ తీయకుండానే.

నల్లబండ మీద కూర్చుని
జుల్మీరా జేబులోంచి బిరడా తీసింది.
శనివారం రాత్రి సారా సీసాది కాదు, ద్రాక్షసారాది,
అని ప్రతిసారీ చెబుతుంది.
విసిరింది.

బిరడా కిందికి పోయింది.
కొంచెం పోయింది.
తర్వాత, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు,
ఆగింది.

అటు పోదు. ఇటు రాదు.
నది ఊపిరి బిగబట్టింది.
రెల్లు కదలడం మానేసింది.
డేగ ఒకటి పైన రెక్కలాడిస్తూ
ఉన్నచోటే ఉంది.
అంతసేపు ఏదీ ఆగి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎర్మెలిందా" అంది జుల్మీరా,
నీళ్ళమీంచి చూపు తిప్పకుండా,
"నేను సముద్రం చూళ్ళేదు."
అరవయ్యారేళ్ళ మనిషి.
పదకొండేళ్ళ తగువు.
ఏమనాలో తోచక
"బస్సుంది కదా" అన్నాను.
"అది వస్తోందిగా" అంది,
"నేనెందుకు పోవడం?"

ఇంతలో కొయ్యంగ చేప ఒకటి
నీళ్ళలోంచి గుప్పున ఎగిరి పడింది.
అలలు సద్దుమణిగి చూస్తే బిరడా లేదు.
మరవైపు పోయిందని ఆమె.
మునిగిందని నేను.
బిరడా ఎక్కడైనా మునుగుతుందా అని ఆమె.
టిబూర్సియోని అడిగితే
మేక తినుంటుందన్నాడు.

తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది.
రేవులో ఐదో మెట్టు తడిసి ఉంది.
జుల్మీరా వంగి, మోకాలు పట్టుకుని,
ఒక్క వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఉప్పగా ఉందా?"

కాసేపు ఆలోచించింది.
"పిండి రుచి" అంది.